దస్తూరీ మాస్టారూ, నలభై ఒకటో ఆకూ

మా దస్తూరీ మాస్టారికి మొహాలు గుర్తుండేవి కావు. చేతిరాత మాత్రం ఒక్కసారి చూస్తే చాలు, జన్మలో మరిచిపోయేవారు కాదు. ఎదురుపడ్డ మనిషిని ఎగాదిగా చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అప్పటికీ లాభం లేకపోతే జేబులోంచి చిన్న నోటుపుస్తకమూ, ముక్క పెన్సిలూ తీసి చేతికిచ్చేవారు. "ఏదీ, ఒక ముక్క రాయండి." అవతలివాళ్ళు బిక్కమొహం వేసుకుని ఏదో గిలికితే, అది చూసి మొహం చాటంత చేసుకుని, "ఓహో, మీరా! రండి రండి. మీ అమ్మగారికి మోకాలి నొప్పి తగ్గిందా?" అనేవారు.

నేను చెప్పేవాటిలో సగం కోతలని మా ఇంట్లోవాళ్ళే అంటారు. ఇది రెండో సగంలోది.

ఆయన పాఠం చెప్పేది మధ్యయుగాల ఇంగ్లీషు సాహిత్యం. అంటే అచ్చుయంత్రం పుట్టకముందు, తోలు ఆకుల మీద పక్షి ఈకతో రాసుకున్న పుస్తకాలు. ఆ ఎం.ఏ.లో నేనూ చేరాను. ఏడు నెలలు చదివాను. ఆ తర్వాత నా వేగం అందుకోలేక విశ్వవిద్యాలయమే వెనకబడిపోయింది. గిట్టనివాళ్ళు దీన్ని చదువు మానెయ్యడం అంటారు. నేను బయటికి పోయిందీ లేదు. అదే విశ్వవిద్యాలయం లైబ్రరీ కింది అంతస్తులో, బైండింగు సెక్షన్లో చేరాను. పైన ప్రొఫెసర్లు చదివి చింపినవన్నీ కింద నేను కుట్టి నిలబెడుతున్నాను. ఎవరి వల్ల ఎవరు బతుకుతున్నారో మీరే తేల్చుకోండి.

నా చదువు సంగతి కూడా నాకంటే ముందు మాస్టారికే తెలిసింది. పాత ఇంగ్లీషులో 'ముల్లు' అనే అక్షరం ఒకటుండేది. చూడ్డానికి 'పి'లా ఉంటుంది, పలికేది వేరేలా. నేను పరీక్షలో దాన్ని ఆసాంతం 'పి' అనే చదివి, ఒక సన్యాసి చెప్పిన ధర్మబోధని ఎవరికీ అర్థంకాని కొత్త భాషలోకి మార్చేశాను. మాస్టారు నా పేపరు పైకెత్తి, "ఈ చెయ్యి ఎవరిది?" అన్నారు. లేచి నిలబడ్డాను.

"నీ మొహం ఎప్పుడూ చూసినట్టు లేదు. చెయ్యి మాత్రం బాగా తెలుసు. మూడో పేజీలో నీకు ఆకలేసింది."

"వేసింది సార్."

"నాలుగో పేజీలో కిటికీలోంచి ఎవర్నో చూశావు."

క్లాసంతా ఘొల్లుమంది.

"ఐదో పేజీకల్లా ఈ చదువు నీకు అక్కర్లేదని నీ చేతికి తెలిసిపోయింది. నీకే ఇంకా తెలిసినట్టు లేదు."

నాకు తెలియడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

ఆయన ఆప్తమిత్రులంతా పోయి ఆరు వందల ఏళ్ళయింది. అప్పటి లేఖకులు కింద సంతకాలు పెట్టుకోలేదు కాబట్టి ఆయనే వాళ్ళకి పేర్లు పెట్టుకున్నారు. అక్షరాల తోకలన్నీ కొక్కేల్లా తిప్పేవాడు కొక్కెమయ్య. అంచుల్లో 'చలిగా ఉంది', 'సిరా పల్చబడింది', 'ఈ పుస్తకం ఎప్పటికి తెమిలేనో' అని రాసుకుంటూ పోయేవాడు గొణుగుడయ్య. వీళ్ళ యోగక్షేమాలు ఇంట్లో భోజనాల దగ్గర కూడా వచ్చేవి. ఇది వాళ్ళావిడే స్వయంగా చెప్పింది కాబట్టి నా కోతల లెక్కలో వెయ్యకండి.

"పాపం, గొణుగుడయ్యకి ఇవాళ ఒంట్లో బాగోలేదు," అన్నారట మాస్టారు.

ఆవిడ గరిటె పట్టుకుని ఆగిపోయింది. "ఎవరికండీ? మీ డిపార్ట్‌మెంట్లో కొత్తగా ఎవరైనా చేరారా?"

"కాదే, మన గొణుగుడయ్యకి. వరసలన్నీ కిందికి జారిపోతున్నాయి. జ్వరమై ఉంటుంది."

"ఆయన పోయి ఆరు వందల ఏళ్ళన్నారు కదండీ!"

"పోతే మాత్రం? జ్వరం జ్వరమే కదా."

"ఆయన జ్వరం సరే. మూడు రోజులుగా నేను దగ్గుతున్నాను, అది కనబడలేదా?"

"సరుకుల చీటీ నువ్వు రాస్తే కదా నాకు తెలిసేది! అమ్మాయి చేత రాయించావు," అని మాస్టారు నొచ్చుకున్నారు.

ఆ అమ్మాయికి పెళ్ళయిన కొత్తలో అల్లుడు ఒక్కడే అత్తారింటికి వచ్చాడు. తలుపు తీసింది మాస్టారే.

"ఎవరు కావాలి బాబూ?"

"నేనండీ మావయ్యగారూ."

"వచ్చిన ప్రతివాడూ 'నేనండీ' అనే అంటాడు. ఏదీ, ఒక ముక్క రాయి."

అల్లుడు ఒక చేత్తో సంచీ పట్టుకుని, నోటుపుస్తకం గోడకి ఆనించి, 'నేను మీ అల్లుణ్ణి' అని రాశాడు. మాస్టారు దాన్ని వెలుగులోకి తిప్పి చూశారు. "ఆఁ! 'ణ' కింద 'ణ'ని ఇలా ఊపిరాడకుండా ఇరికించేది మా అల్లుడొక్కడే. బయట నిలబడ్డావేం నాయనా, లోపలికి రా!" ఆ అల్లుడు ఇప్పటికీ వచ్చేటప్పుడు ఒక చీటీ రాసి జేబులో పెట్టుకునే వస్తాడు.

ఒకసారి ఆయన మీద పైవాళ్ళకి ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. బతికున్నవాళ్ళని పట్టించుకోడు, చచ్చినవాళ్ళ జ్వరాలు చూసుకుంటూ కూచుంటాడు అని మూడు పేజీలు. సంజాయిషీ రాసివ్వమని ఉత్తరాన్ని మాస్టారి చేతికే ఇచ్చారు. ఆయన దాన్ని చూసుకుంటూ నడిచి, నడిచి, తిన్నగా పక్కగది లెక్చరరు బల్ల ముందు తేలారు.

"అద్భుతమండీ! మీరింత తీరిగ్గా రాయగా నేనెప్పుడూ చూడలేదు. ఒత్తులన్నీ ఎంత నిబ్బరంగా కుదిరాయో! ఆ రోజు పిల్లలు ఇంట్లో లేరా?"

లెక్చరరు మొహంలో నెత్తురుచుక్క లేదు. "అది... నేను కాదండీ..."

"రెండో పేజీలో మాత్రం కాస్త కంగారుపడ్డారు. శుభ్రంగా తిరగరాసివ్వండి, నేనే పైకి పంపిస్తాను."

లెక్చరరు వారం రోజులు సెలవు పెట్టాడు. ఆ ఉత్తరంలో ఏముందో మాస్టారికి ఈనాటికీ తెలియదని నా అనుమానం.

ఇంతటి మనిషికీ ఒకరంటే హడలు. లైబ్రరీ మూడో అంతస్తులో రాతప్రతుల గది ఉంది. ఆ గదికి అధికారిణి పాములమ్మ. పాత పుస్తకాల ఆకులు లేచిపోకుండా వాటిమీద పూసలు కూర్చి గుడ్డలో కుట్టిన పొడవాటి బరువులు పెడతారు. చూడ్డానికి అచ్చం తెల్లపాముల్లా ఉంటాయి. అవి మెడలో నాలుగు వేసుకుని ఆవిడ గది చుట్టూ తిరుగుతుంటే ప్రొఫెసర్లు ఊపిరి బిగబట్టి చదువుకునేవారు. ఆ గదిలోకి పెన్ను రాకూడదు, మంచినీళ్ళు రాకూడదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆరాక రావాలి. పెన్సిలొక్కటే చెల్లుతుంది. మాస్టారు ఆ గదికి వెళ్ళని రోజు లేదు. గుమ్మంలో జరిగే భాగోతం మాత్రం రోజూ ఒకటే.

"జేబులు," అనేది పాములమ్మ.

"ఎవరమ్మా మీరు?"

"ముప్ఫై రెండేళ్ళుగా ఇదే కుర్చీలో కూచున్నదాన్ని. జేబులు చూపించండి మాస్టారూ."

"ఏదీ, ఒక ముక్క..."

ఆవిడ పళ్ళు కొరుక్కుంటూ ఒక చీటీ మీద 'జేబులు' అని రాసి ఆయన ముక్కు కింద పెట్టేది.

"అరెరె, మీరా!" అని ఆయన సంతోషంగా జేబులు బోర్లించేవారు.

ఆవిడ చేతిరాత అచ్చు అక్షరాలకి పాఠం చెప్పేలా ఉండేది. బైండింగుకి వచ్చే ప్రతి పుస్తకం మీదా ఆవిడ రాసిన చీటీ ఉంటుంది కాబట్టి నాకది కొట్టినపిండి. ఆవిడ 'నాలుగు' వేస్తే తిరగేసిన కుర్చీలా ఉంటుంది, 'రెండు' వేస్తే మెడ వంచిన బాతులా ఉంటుంది. "నా చేతిలో ఇన్నేళ్ళలో ఒక్క తప్పు పడలేదు," అని ఆవిడ రోజుకి రెండుసార్లయినా అనేది. ఎవరూ కాదనేవారు కాదు. ఒకటి అది నిజమని, రెండు ఆవిడంటే భయమని.

ఆవిడ రిటైరు కావడానికి మూడు వారాలుందనగా కొత్త చీఫ్ లైబ్రేరియన్ ఆ గదిలో పుస్తకాలన్నీ ఆకు ఆకూ లెక్కపెట్టించాడు. అందులో ఒక ధర్మబోధల పుస్తకం ఉంది. దాన్ని తెరిచేవాళ్ళు లోకంలో ఇద్దరే: మాస్టారూ, పుస్తకాల పురుగూ. రిజిస్టరులో ఎనభై తొమ్మిది ఆకులని ఉంది. లెక్కపెడితే ఎనభై ఎనిమిదే తేలాయి. ఆకుల మూలన లైబ్రరీవాళ్ళు ఎప్పుడో పెన్సిలుతో వేసిన అంకెలు చూస్తే, నలభై తర్వాత నలభై రెండు ఉంది. నలభై ఒకటో ఆకు లేదు.

పాములమ్మ గదిలోంచి ఆకు పోయింది!

ఆ వార్త మధ్యాహ్నానికల్లా కాంటీను దాకా పాకింది. ఆరు వందల ఏళ్ళు నిలిచిన ఆకు ఆవిడ కాపలాలో మాయమైందంటే, రిటైర్మెంటు సభకి బదులు విచారణ తప్పదన్నారు. మర్నాడు మాస్టారు గుమ్మంలో జేబులు బోర్లించి నిలబడితే, ఆవిడ చూడకుండానే లోపలికి పొమ్మంది. అది చూశాక నాకు నిజంగా భయం వేసింది.

విచారణ మేడమీది చిన్న హాల్లో జరిగింది. మాస్టారిని అభిప్రాయం చెప్పమని పిలిచారు. అలాంటి పుస్తకాన్ని తెరిచే చెయ్యి నాదొక్కటే కాబట్టి నన్నూ పిలిచారు. బల్ల మొయ్యడానికి పిలిచామని చీఫ్ అంటాడు. ఆయన జ్ఞాపకశక్తి మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. పాములమ్మ కిటికీ పక్కన కూచుంది. ఆవిడ మెడలో పాములు లేకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

"అమ్మా, ఈ ఆకు సంగతి మీకేమైనా తెలుసా?" అన్నాడు చీఫ్.

"నా గదిలోంచి దుమ్ము కూడా నాకు తెలియకుండా పోదు. ఇంతకంటే నేను చెప్పేదేం లేదు," అంది ఆవిడ.

మాస్టారు పుస్తకాన్ని మెత్తటి దిండు మీద పెట్టించి, నలభయ్యో ఆకు తిప్పారు. "ఇదిగో, ఇటు చూడండి. ఈ పుస్తకం ఎనిమిదేసి ఆకుల కట్టలు కలిపి కుట్టింది. ఒక కట్ట అయిపోగానే లేఖకుడు అడుగున తర్వాతి కట్టలో మొదటి మాట రాసిపెడతాడు, కుట్టేవాడు తికమకపడకుండా. నలభయ్యో ఆకుతో అయిదో కట్ట అయిపోయింది. అడుగున ఉన్న మాట ఏమిటి?"

"'అందువలన' అని అర్థం వచ్చే మాట," అన్నాను నేను. ఏడు నెలలు ఊరికే పోలేదు.

"తర్వాతి ఆకు ఏ మాటతో మొదలైంది?"

"అదే మాటతో!"

"ఆకు పోలేదండీ," అన్నారు మాస్టారు. "అసలు లేదు. పదకొండు ఎనిమిదులు ఎనభై ఎనిమిది. అంకెలు వేసిన చెయ్యి ఒక అంకె దాటేసింది, అంతే."

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. చీఫ్ మొహం విప్పారింది. నేను పాములమ్మ వంక చూశాను. ఆవిడ మొహంలో మాత్రం ఉన్న కాస్త రంగూ పోయింది. అప్పటిదాకా ఆకు ఎలా పోయిందా అని చూస్తున్న ఆవిడ ఇప్పుడు అంకెల వంక చూస్తోంది. నేనూ చూశాను. తిరగేసిన కుర్చీ. పక్కన మెడ వంచిన బాతు.

"మరి ఈ అంకెలు వేసిందెవరు?" అన్నాడు చీఫ్, రిజిస్టరు తిప్పుతూ. "ముప్ఫై రెండేళ్ళ కిందట వేసినట్టుంది. పేరు లేదు. నివేదికలో ఎవరిదో ఒకరి పేరు రాయాలి."

పాములమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

మాస్టారు భూతద్దం తీశారు. ఆ మూల మీదికి వంగి, ఎంతసేపు చూశారంటే, బయట వాన పడి వెలిసింది. సరే, పడలేదు. చాలాసేపు చూశారు.

"ఇది నా దస్తూరీయేనండీ," అన్నారు.

నేను నోరు తెరిచాను. బల్ల కింద మాస్టారి బూటు నా కాలివేళ్ళ మీదికొచ్చి స్థిరపడింది. నోరు మూసుకున్నాను.

"మీదా?" అన్నాడు చీఫ్.

"అప్పట్లో నేను పరిశోధన చేస్తుండేవాణ్ణి. మనుషులు చాలక పెన్సిల్ ఇచ్చి మా చేతే వేయించేవారు."

చీఫ్ కాసేపు ఆలోచించి, చటుక్కున వేలు గాల్లోకి లేపాడు. "ఉండండుండండి! మీరు ఈ పుస్తకాన్ని పరిష్కరించి అచ్చు వెయ్యడం మొదలుపెట్టారు కదా? మొదటి సంపుటంలో నలభై ఆకులు వేశారు, అక్కడే ఆపేశారు. రెండో సంపుటం రాలేదని మీకు ప్రొఫెసర్ పదవి కూడా ఇవ్వలేదు. ఇందుకేనా?"

"ఇందుకే," అన్నారు మాస్టారు, తల దించుకుని. ఆ తల దించుకోవడం ఏ నాటకాల కంపెనీ చూసినా అక్కడికక్కడే వేషం ఇచ్చేది. "నలభై తర్వాత నలభై రెండని ఏ మొహం పెట్టుకుని అచ్చువెయ్యను చెప్పండి?"

ముందు చీఫ్ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఊళ్ళోవాళ్ళ చేతిరాతలన్నీ పట్టేసే మనిషికి నలభై దాటి లెక్కపెట్టడం రాదని సాయంత్రానికల్లా కాంటీనులో పాటకట్టారు. పాములమ్మ నవ్వలేదు. మళ్ళీ కూచుని, చీర కొంగుతో కళ్ళజోడు అద్దాలు తుడవడం మొదలుపెట్టి, మీటింగు అయిపోయేదాకా తుడుస్తూనే ఉంది.

వరండాలో మాస్టారిని పట్టుకున్నాను. "అది పాములమ్మ చెయ్యి మాస్టారూ. నాకే తెలిసిపోయింది, మీకు తెలియలేదంటే నమ్మను."

"ఎవరు బాబూ నువ్వు?" అన్నారాయన.

"నా కాలివేళ్ళని అడగండి, చెబుతాయి."

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "నలభై చూశావా? గీత లావుగా, మొద్దుగా ఉంది. నలభై రెండు సన్నగా ఉంది. మధ్యలో పెన్సిల్ మొన విరిగిందయ్యా. ఉద్యోగంలో చేరిన మొదటి వారం. చెక్కుకోవడానికి లేచి, వచ్చి కూచుని, నలభై ఒకటి వేసేశాననుకుంది. తప్పు పెన్సిల్‌ది."

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"పుస్తకం తెరిచిన మొదటిరోజే."

"అంటే ముప్ఫై ఏళ్ళు... ఆ రెండో సంపుటం..."

"వేస్తే 'ఇక్కడ అంకె తప్పింది' అని కింద చిన్నక్షరాల్లో నోటు రాయాలి. రాయకపోతే ఎలా?"

"రాస్తే మాత్రం ఎవరు చదువుతారు మాస్టారూ? మీ మొదటి సంపుటం ఎన్ని కాపీలు కదిలాయో నాకు తెలుసు, అట్టలు వేసింది నేనే."

"ఎవరూ చదవరు," అన్నారు. "ఆవిడొక్కతే చదువుతుంది. చిన్నక్షరాలు కూడా వదిలిపెట్టదు. అదే కదా వచ్చిన చిక్కు."

పాములమ్మ రిటైర్మెంటు సభ బ్రహ్మాండంగా జరిగింది. 'ఒక్క తప్పు లేని సేవ' అని చీఫ్ పొగిడితే ఆవిడ ఇబ్బందిగా కదిలింది. వినయమనుకుని అందరూ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. మాస్టారి రోజులు మాత్రం వేరేలా నడిచాయి. క్లాసులో హాజరు పిలిచేటప్పుడు పిల్లలు కావాలని ఆపేవారు. "సార్, నలభై తర్వాత ఎంత సార్?" ఆయన తొణక్కుండా, "నలభై రెండు," అని రిజిస్టరులో వేసుకునేవారు. నలభై ఒకటో నంబరు కుర్రాడికి ఆ ఏడాదంతా గైర్హాజరే.

మరో ఏడాదిన్నరకి రెండో సంపుటం అచ్చయింది. ఈసారి ఆపడానికి కారణమేం మిగల్లేదు మరి. మొదటి పేజీలోనే అడుగున, చిన్నక్షరాల్లో ఉంది: 'రాతప్రతిలో ఆకుల అంకె నలభై నుంచి నలభై రెండుకు దూకింది. ఈ పొరపాటు సంపాదకుడిదే.'

లైబ్రరీకి వచ్చిన కాపీని మొదట తీసుకున్నది పాములమ్మేనని రిజిస్టరు చెబుతుంది. ఇప్పుడావిడ మామూలు పాఠకురాలు. నాలుగు రోజుల తర్వాత పుస్తకం తిరిగొచ్చింది. ఆవిడ కుర్చీలో చేరిన కొత్తాయన దాన్ని చేత్తో పట్టుకుని ఆయాసపడుతూ నా దగ్గరికి దిగొచ్చాడు.

"ఘోరం! ఎవరో లైబ్రరీ పుస్తకం మీద రాశారు! వెంటనే తుడిచెయ్యండి."

ఆ చిన్నక్షరాల నోటు పక్కన, అంచులో, పెన్సిలుతో రెండే మాటలు: 'కాదు. నాది.' సంతకం లేదు. ముప్ఫై రెండేళ్ళు ఆ లైబ్రరీలో ఎవర్నీ పుస్తకం మీద చుక్క కూడా పెట్టనివ్వని మనిషి, నాలుగు రోజులు ఆలోచించి రాసిన రెండు మాటలు.

రబ్బరూ పుస్తకమూ పట్టుకుని మాస్టారి గదికి వెళ్ళాను. ఆయన ఆ అంచు చూశారు. భూతద్దం తీశారు. కిటికీ దగ్గరికి వెళ్ళారు. చాలాసేపు నా వైపు తిరగలేదు.

"ఎవరి దస్తూరీ మాస్టారూ?"

"ఎంత చూసినా తెలియడం లేదయ్యా. పేరూ ఊరూ లేని లేఖకురాలెవరో."

"లేఖకురాలా? ఆడమనిషని మాత్రం ఎలా తెలిసింది?"

ఆయన పుస్తకం మూసి, చంకలో పెట్టుకున్నారు.

"నోరు జారింది. ఆ రబ్బరు జేబులో పెట్టుకుని నువ్విక వెళ్ళు."